పదింతల పదార్థం, పదింతల బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

బ్యాటరీల ఆనోడ్ (ఛార్జ్ చేసినప్పుడు లిథియం వచ్చి చేరే ధ్రువం) పదార్థాల మీద పనిచేస్తున్న ఇన్నేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న ప్రశ్న ఒక్కటే: "పదింతలు ఛార్జ్ పట్టే పదార్థం కనిపెట్టారట కదండీ, ఫోన్లలోకి ఎప్పుడొస్తుంది?" ఈమధ్య ఒక పెద్దాయన కూడా ఇదే అడిగారు. అయితే ఆయన కుతూహలం కొద్దీ అడగలేదు. ఉద్యోగ విరమణ నాడు చేతికందిన సొమ్ములో సగం అలాంటి ప్రకటన చేసిన ఒక సంస్థలో పెట్టి, తర్వాత నిద్ర పట్టక నా దగ్గరకు వచ్చారు. ఆయన తెచ్చిన కాగితం మీద, ఆ పదింతల పదార్థమైన సిలికాన్ సామర్థ్యం అంకె ఉంది. ఆ అంకె నిజమే కాబట్టి ఆయన నమ్మడంలో తప్పు పట్టడానికేమీ లేదు.

అపోహ: పదార్థం సామర్థ్యం పదింతలైతే బ్యాటరీ సామర్థ్యమూ పదింతలవుతుంది.

వాస్తవం: ఇప్పటి ఆనోడ్‌లలో ఎక్కువగా వాడే గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీఆంపియర్ అవర్లు, సిలికాన్ సుమారు 3,579 నిల్వ చేసుకోగలవు. కానీ ఇది ఆనోడ్ సంగతి మాత్రమే. ఆనోడ్‌లోకి చేరే లిథియం ఎదుటి ధ్రువమైన కేథోడ్ నుంచి రావాలి, మంచి కేథోడ్ కూడా గ్రాముకు 200కు అటూ ఇటూగానే ఇస్తుంది. ఆ పెద్దాయన కాగితం వెనకే లెక్క వేసి చూపించాను. వెయ్యి మిల్లీఆంపియర్ అవర్లకు కేథోడ్ 5 గ్రాములు, గ్రాఫైట్ 2.7 గ్రాములు కావాలి, మొత్తం 7.7 గ్రాములు. గ్రాఫైట్ స్థానంలో సిలికాన్ పెడితే ఆనోడ్ 0.3 గ్రాములకు దిగుతుంది గానీ కేథోడ్ 5 గ్రాములు కదలదు. ఆనోడ్ బరువు పూర్తిగా సున్నా అయిందనుకున్నా అదే బరువులో దక్కేది ఒకటిన్నర రెట్లు మాత్రమే. రాగి రేకు, అల్యూమినియం రేకు, రెండు ధ్రువాలను వేరుచేసే సెపరేటర్, లిథియం అయాన్లను అటూ ఇటూ మోసే ఎలక్ట్రోలైట్, పై కవచం బరువులు కూడా కలిపితే ఆ లాభం ఇంకా తగ్గుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు మన్నిక. లిథియం నింపుకున్నప్పుడు సిలికాన్ రేణువు దాదాపు నాలుగింతలు ఉబ్బి, ఖాళీ అయినప్పుడు మళ్లీ ముడుచుకుపోతుంది. ఈ పనిలో చేరిన కొత్తలో నేను చేసిన కాయిన్ సెల్ (నాణెమంత పరీక్ష బ్యాటరీ) మొదటి సైకిల్లో, అంటే మొదటిసారి నింపి ఖాళీ చేసినప్పుడు, గ్రాముకు మూడు వేలు దాటితే, ఆ గ్రాఫ్‌ను అచ్చు వేయించి బల్ల ముందు అంటించుకున్నాను. అయితే అందులో ఎదుటి ఎలక్ట్రోడ్ లిథియం రేకు. ఎంత లిథియం వృథా అయినా ఆ రేకు భర్తీ చేస్తూ ఉంటుంది కాబట్టి నష్టం పైకి తెలియదు. అదే ఆనోడ్‌ను అసలు కేథోడ్‌తో జత చేస్తే కొన్ని పదుల సైకిళ్లకే చచ్చిపోయింది. గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు నింపిన గ్లవ్ బాక్సులో ఆ సెల్ విప్పి చూస్తే, నల్లటి పూత ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి, పట్టకారు తగలగానే పెచ్చులుగా రాగి రేకు నుంచి రాలిపోయింది. బీట వారిన ప్రతిచోటా కొత్త ఉపరితలం బయటపడుతుంది, దాని మీద కొత్త పొర కట్టడానికి మరికొంత లిథియం శాశ్వతంగా ఖర్చవుతుంది. ప్రతి సైకిల్లో 99.9 శాతం తిరిగి వచ్చినా వెయ్యి సైకిళ్లకు మిగిలేది సుమారు 37 శాతమే. 99.99 శాతం వస్తే 90 మిగులుతుంది. మా రంగంలో ఏళ్ల తరబడి శ్రమ అంతా 99.99లోని ఆ చివరి తొమ్మిది అంకె కోసమే.

అందుకే ఆ పెద్దాయనకు మూడు ప్రశ్నలు రాసిచ్చాను: ఈ ఫలితం (లిథియం రేకుతో కాక అసలు కేథోడ్‌తో జత చేసిన) పూర్తి సెల్‌లో వచ్చిందా, ఎన్ని సైకిళ్లు నిలిచింది, చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల పదార్థం పూశారు. పలుచటి పూతలో ఏ పదార్థమైనా చక్కగా పనిచేస్తుంది. ఆ సంస్థ ఇచ్చిన పత్రాల్లో ఈ మూడింటికీ జవాబు లేదు. సిలికాన్ పనికిరాదని నేననడం లేదు. గ్రాఫైట్‌లో కొద్ది శాతం కలిపిన సెల్స్ ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి, ఆ కలిపే శాతం క్రమంగా పెరుగుతోంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. "గ్రాఫీన్ బ్యాటరీ" పేరుతో అమ్మేవాటిలో గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందంలో ఉండే కార్బన్ పొర) చాలావరకు విద్యుత్ వాహకత పెంచడానికి కలిపే దినుసు మాత్రమే. ఘన ఎలక్ట్రోలైట్ ఉంటే, సూదుల్లా పెరిగి లోపల షార్ట్ సర్క్యూట్ చేసే లిథియం ముళ్లు పెరగవన్నది నిజం కాదు, సిరామిక్ రేణువుల మధ్య సరిహద్దుల వెంబడి కూడా అవి చొచ్చుకుపోగలవు. ఛార్జ్‌ను ఎలక్ట్రోడ్ ఉపరితలం మీదే దాచుకునే సూపర్‌కెపాసిటర్ క్షణాల్లో నిండుతుంది గానీ, మామూలు రకాల్లో కిలోకు నిలిచే శక్తి పది వాట్ అవర్ల లోపే. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జ్ పెట్టాలన్న నియమం నికెల్-కాడ్మియం కాలం నాటిది, లిథియం అయాన్ బ్యాటరీకి అది చేటు చేస్తుంది. ఇది ఇంకా ప్రచారంలో ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

చివరగా, ఫోన్ బ్యాటరీ ఉబ్బిందని భయంతో అడిగేవారికి: మీ భయం అనవసరమైనది కాదు. లోపల ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై వాయువు చేరడం వల్లే అది ఉబ్బుతుంది. గాలి పోతుందని సూదితో పొడవకండి, నొక్కి సరిచేయాలని చూడకండి. ఛార్జింగ్ ఆపేసి, మంట అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునే కేంద్రంలో అప్పగించండి.