కాలువలో పడిన ఇంద్రధనుస్సు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వాన వెలిశాక మీలో చిన్నది ఫోను చేసి ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, ఇంద్రధనుస్సు మన వీధి కాలువలో పడిపోయింది. దాన్ని ఎవరు తీస్తారు?" పక్కనున్న పెద్దవాళ్లు నవ్వడం నాకు వినిపించింది. నాకైతే నవ్వు రాలేదు. చాలా మంచి ప్రశ్న అది. అప్పటికప్పుడు జవాబు తోచక, తర్వాత రాస్తానని చెప్పాను.

ముందు ఆ రంగుల సంగతి. అది నూనె, తల్లీ. ఆగి ఉన్న ఏ బండి కిందో కారిన చుక్క రోడ్డుకు అంటుకుని ఉంటే, వాననీరు దాన్ని లేపి వెంట తెచ్చుకుంది. నూనె నీళ్లలో కలవదు. పైన పరుచుకుంటుంది, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలుచగా. ఆ పొర ఒక్కోచోట ఒక్కో మందంలో ఉంటుంది, మందం మారినచోటల్లా రంగు మారుతుంది. సబ్బుబుడగ మీద రంగులూ అలాంటివే. మిగతా వివరం మీ సైన్సు మాస్టారిని అడగండి. నాకు ఆశ్చర్యం కలిగించేది మాత్రం ఒక చుక్క ఎంత దూరం పాకుతుందన్న సంగతి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే పెద్దాయన లండన్ దగ్గరి క్లాఫమ్‌లో ఒక చెరువు మీద చెంచాడు నూనె పోసి చూశాడు. అది మెల్లగా పాకి, సుమారు అరెకరం మేర నీటిని అద్దంలా నున్నగా చేసిందని రాశాడు. ఆ ఉత్తరం 1774లో అచ్చయింది. ఒక్క చెంచా, అరెకరం!

ఇక దాన్ని ఎవరు తీస్తారన్న ప్రశ్న. అది చెప్పాలంటే మిమ్మల్ని నా చిన్ననాటి ఇంటి కప్పు మీదికి తీసుకెళ్లాలి.

మాది రెండు వాలుల పెంకుటిల్లు. నడుమ వెన్నెముకలా పొడవాటి మిట్ట. చినుకు మిట్టకు ఇవతల పడితే ముందువైపు చూరు కింద ఉన్న తొట్టిలోకి, అవతల పడితే పెరట్లోకి. జానెడు ఎడంలో పడిన రెండు చినుకులు మళ్లీ కలుసుకోవు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇది స్వయంగా చూసి తేల్చుకోవాలనిపించింది. బట్టలకు పెట్టే నీలిమందు పొట్లం పట్టుకుని, ఎవరూ చూడకుండా నిచ్చెనెక్కి, ముందువైపు వాలు మీద చల్లి వచ్చాను. నాలుగు రోజులకు వాన పట్టుకుంది. చూరు కింద కూర్చుని తలెత్తి చూస్తున్నాను. మొదట పెంకుల సందుల్లో దారాల్లాంటి నీలి చారలు. అవి రెండు కలిసి ఒకటై, అలాంటివి నాలుగు కలిసి వేలెడంతై, చూరు అంచుకు వచ్చేసరికి ఒకే ధార. తొట్టి తొట్టంతా నీలం. పెరటివైపు పరుగెత్తి చూస్తే అక్కడ నీళ్లు తేటగా ఉన్నాయి.

ఆ తొట్టి నీళ్లతోనే ఇంట్లో గిన్నెలు కడిగేవాళ్లు. భయపడి నేను తొట్టి ఖాళీ చేసి, కొబ్బరిపీచుతో తోమడం మొదలుపెట్టాను. అమ్మ వచ్చి చూసింది. కొట్టలేదు. "తొట్టి తోమితే ఏం లాభం నాన్నా, రంగు కప్పు మీద కదా ఉంది" అంది. నిజమే. ఇంకో రెండు వానల దాకా ఆ తొట్టిలోకి నీలి నీళ్లే వచ్చాయి.

భూమి కూడా అటువంటి కప్పే. కొండల వరుసో, కంటికి ఆనని చిన్న మెరకో మిట్టలా నిలబడి వాననీటిని అటూ ఇటూ పంచుతుంది. వంకలు, వాగులు పెంకుల సందులు. అవన్నీ కలిసిన నది చూరు ధార. ఒక వాగులోకి ఎంత నేల మీది నీళ్లు వచ్చి చేరతాయో ఆ నేలంతటినీ ఆ వాగు పరీవాహక ప్రాంతం అంటారు, వాటర్‌షెడ్ అని కూడా వినే ఉంటారు. మీ వీధి, మీ బడి ఆవరణ, మీరు ఈ ఉత్తరం చదువుతున్న గది పైకప్పు కూడా ఏదో ఒక ఏటి కప్పులో భాగమే. ఏరు కంటికి కనిపించనంత దూరంలో ఉన్నా సరే.

అమెరికాలోని వయోమింగ్ కొండల్లో ఒక చిన్న వాగు ఉంది. సరిగ్గా మిట్ట మీదికి వచ్చి అది రెండుగా చీలుతుంది. ఒక పాయ దాదాపు 2,200 కిలోమీటర్లు ప్రయాణించి పసిఫిక్ మహాసముద్రం చేరుతుంది. రెండో పాయ దాదాపు 5,600 కిలోమీటర్లు పోయి, మిసిసిపీ నదితో కలిసి అట్లాంటిక్ వైపున్న మెక్సికో సింధుశాఖలో పడుతుంది. ఆ చీలిక దగ్గర ఒక ఆకు పడితే అది ఏ సముద్రానికి పోవాలో ఒక గులకరాయి తేల్చేస్తుంది! ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ రెండో పాయ వెంటే పోదాం. మిసిసిపీ కప్పు మామూలుది కాదు, సుమారు 32 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో ఎన్నో పొలాలు. పైరు తీసుకోగా మిగిలిన ఎరువును వాన కడిగి కిందికి తెస్తుంది. ఆ ఎరువుకు సముద్రంలో నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి అడుగుకు చేరి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అంతా ఖర్చయిపోతుంది. ఈదగలిగిన చేపలు పారిపోతాయి, పాకే జీవాలు అక్కడే చచ్చిపోతాయి. 2017 వేసవిలో అలా ఊపిరాడని మేర 22,000 చదరపు కిలోమీటర్లు దాటింది. ఆ రైతుల్లో సముద్రాన్ని పాడుచేద్దామనుకున్నవాడు ఒక్కడూ ఉండడు. నేను కూడా తొట్టిలో నీలిమందు వేయలేదు కదా, కప్పు మీద చల్లాను, అంతే.

కప్పుల్లోనూ తేడాలున్నాయి. వాన ఆగగానే రేకుల కప్పు నుంచి ధార ఆగిపోతుంది. గడ్డి కప్పు మాత్రం చాలాసేపు బొట్టుబొట్టుగా కారుతూనే ఉంటుంది. అడవి ఉన్న నేల గడ్డి కప్పు లాంటిది. వానను తాగి, దాచుకుని, ఎండాకాలంలో కూడా వాగుకు కొంచెం కొంచెంగా వదులుతుంది. సిమెంటు పరిచిన నేల రేకు. నీళ్లతోపాటు పైనున్న చెత్తనంతా ఒక్క ఊపున వాగులోకి తోసేసి, ఆ తర్వాత ఎండిపోతుంది.

కాలువలోకి వెళ్లిన ఇంద్రధనుస్సును ఎవరూ తీయరు, తల్లీ. అది వాగు వెంట వెళ్లిపోతుంది. తీయగలిగేది రోడ్డు మీద చుక్కగా ఉన్నప్పుడే. అలాగని దిగులు పెట్టుకోవద్దు. లండన్‌లో పారే థేమ్స్‌ను 1957లో జీవం లేని నది అన్నారు. ఊరి మురుగును శుభ్రం చేసి వదలడం మొదలుపెట్టాక, 1974లో అందులో సాల్మన్ చేప కనిపించింది. నూరేళ్లకు పైగా ఆ నదిలో కనిపించని చేప అది!

ఇప్పుడు మీకొక పని. కదలని నీటి మీద, చిత్తడి నేలల్లో ఎవరూ నూనె ఒలకబోయకుండానే అలాంటి రంగుల పొర కనిపిస్తుంది. ఇనుముతో బతికే సూక్ష్మజీవులు అల్లిన పొర అది, దాని వల్ల హాని లేదు. రెండింటికీ తేడా పుల్ల చెబుతుంది. పొర మధ్యలో పుల్లతో మెల్లగా కదపండి. సూక్ష్మజీవులదైతే పగిలిన గాజు పలకలా ముక్కలై, ముక్కలు దేనికవే తేలుతుంటాయి. నూనె అయితే చీలినట్టే చీలి, పుల్ల తీయగానే మళ్లీ ఒకటవుతుంది.

ఈసారి వాన వెలిశాక పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. నీళ్లలో దిగకుండా గట్టు మీద నుంచే చూడండి. తర్వాత ఆ కాలువ వెంట రెండు మలుపుల దాకా నడిచి, అది ఎందులో కలుస్తుందో చూసి రండి. పొర పగిలిందో, కలిసిందో చిన్నదాని చేత్తోనే నాకు రాయించండి.

మీ తాతయ్య