పోప్-చాసర్ వంతెన మార్పు ఎందుకింత ఆలస్యం?

కాలిఫోర్నియాలో పాలో ఆల్టో ఒక గట్టున, మెన్లో పార్క్, ఈస్ట్ పాలో ఆల్టో మరో గట్టున ఉంటాయి. నడుమ పారేది శాన్ ఫ్రాన్సిస్కిటో అనే చిన్న వాగు. ఎండాకాలంలో చాలా చోట్ల చుక్క నీరు ఉండదు. సిలికాన్ వ్యాలీలో ఉంటున్న తెలుగువారిలో ఎందరో కార్లలో దీన్ని దాటుతూనే ఉంటారు, కింద వాగు ఉందన్న సంగతే చాలామందికి తట్టదు. పోప్ వీధి, చాసర్ వీధి కలిసే చోట 1948లో కట్టిన వంతెన నిజానికి ఒక కల్వర్టు. పైనుంచి చూస్తే మామూలు రోడ్డులాగే ఉంటుంది. పాతికేళ్లకు పైగా ఆ మూడు ఊళ్లలో సాగుతున్న వాదనంతా దీని చుట్టూనే.

1998 ఫిబ్రవరి 3న, ఎల్ నినో వానలకు శాంతాక్రూజ్ కొండల నుంచి దిగిన వరద 7,200 క్యూసెక్కులకు చేరింది. ఈ వాగులో నమోదైన వరదల్లో అదే పెద్దది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు పోవడం చూసిన మనకు ఈ అంకె చాలా చిన్నదే. అయితే పోప్-చాసర్ వంతెన కింద నుంచి 6,000 క్యూసెక్కులు కూడా పోవు. మిగిలిన నీరు ఎగదన్ని, గట్టు దాటి వీధుల్లో పడింది. అలా గట్టు దాటిన నీరు తిరిగి వాగులో కలవదు, పల్లంలో ఉన్న ఇళ్లను వెతుక్కుంటూ పోతుంది. మొత్తంమీద దాదాపు 1,700 ఇళ్లు, దుకాణాలు దెబ్బతిన్నాయి. నష్టం సుమారు 2.8 కోట్ల డాలర్లు. హైవే 101 మీద రాకపోకలు ఆగిపోయాయి.

మరుసటి ఏడాదే మూడు నగరాలు, రెండు కౌంటీల వరద, జల సంస్థలు కలిసి ఉమ్మడి అథారిటీని ఏర్పాటు చేసుకున్నాయి. వాగే రెండు కౌంటీలకు సరిహద్దు కావడంతో ఏ ఒక్కరికీ దాని మీద పూర్తి అధికారం లేదు మరి. వంతెన ఇరుకని అందరికీ తెలుసు. అయినా మొదట దాన్ని ముట్టుకోలేదు.

కారణం ఇది: ఇరుకు వంతెన ఎగువన ముంపు తెస్తుంది, దిగువన కొంత వరదను ఆపుతుంది కూడా. దాన్ని తీసేస్తే 7,000 పైచిలుకు క్యూసెక్కులు ఒక్కసారిగా దిగువకు పోతాయి. అక్కడ పాత కరకట్టల చాటున ఉన్నది ఈస్ట్ పాలో ఆల్టో. 1983లో మాత్రమే నగరంగా ఏర్పడింది. నల్లజాతివారు, లాటినోలు, పసిఫిక్ దీవులవారు ఎక్కువగా స్థిరపడిన ఊరు, పక్కనున్న పాలో ఆల్టోతో పోలిస్తే ఆస్తిపాస్తులు చాలా తక్కువ. ఎగువన సంపన్నుల వీధులను కాపాడి, ఆ నీటిని వీరి మీదికి వదలడం ఏ లెక్కన చూసినా అన్యాయం. అందుకే పని సముద్రం వైపు నుంచి మొదలై పైకి రావాలన్న నిర్ణయం సరైనదేనని నా నమ్మకం.

సరైనదే గానీ, చాలా నెమ్మదిగా సాగింది. దిగువ పనికి అనుమతులు తెచ్చుకోవడానికే ఏళ్లు పట్టాయి. చివరకు వాగు కలిసే శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం నుంచి హైవే 101 వరకు వాగును వెడల్పు చేసి, కరకట్టలు, వరద గోడలు కట్టే పని 2016లో మొదలైంది. గోల్ఫ్ మైదానం నుంచి కొంత స్థలం తీసుకున్నారు. హైవే వంతెనను, దాని పక్క రోడ్ల వంతెనలను రాష్ట్ర రవాణా శాఖ మార్చింది. ఆ తర్వాత గానీ ఎగువ వంతుకు దారి పడలేదు.

ఎగువన కూడా ముందు మార్చాల్సింది పోప్-చాసర్ కాదు, దానికి దిగువనున్న న్యూవెల్ రోడ్డు వంతెన. 1911 నాటిది. దాని పునాది గోడలు వాగులోకి చొచ్చుకొచ్చి ప్రవాహాన్ని నొక్కేస్తాయి. కొత్తది వెడల్పుగా కడితే వాహనాల రద్దీ పెరుగుతుందని చుట్టుపక్కలవారు కొందరు అడ్డు చెప్పారు. ఇంటి ముందు రద్దీ పెరుగుతుందన్న భయం అర్థం చేసుకోదగినదే. అయితే ఆ వాదన సాగినంత కాలమూ ఎగువనున్న పోప్-చాసర్ పని కూడా ఆగినట్టే. న్యూవెల్ వంతెన పర్యావరణ నివేదికకు ఆమోదం 2020లో వచ్చింది.

ఈలోగా 2022 డిసెంబర్ 31న వాగు మళ్లీ పొంగింది, నీరు మళ్లీ పోప్-చాసర్ దగ్గరే గట్టు దాటింది. వరద 1998 స్థాయికి చేరనే లేదు. లెక్కలు చెప్పిన దానికన్నా తక్కువ ప్రవాహానికే వాగు నిండిపోయిందని తర్వాతి పరిశీలనలో తేలింది. అంటే వంతెన ఒక్కటే కాదు, వాగు గర్భమే అనుకున్నంత నీటిని మోయలేకపోతోంది. దాంతో 2019లో ఆమోదం పొందిన ఎగువ ప్రణాళికను మళ్లీ చూడక తప్పలేదు: ఎక్కడ ఎంత వెడల్పు చేయాలి, ఎవరి పెరటి వెనక ఎంత ఎత్తు గోడ లేపాలి అన్నవి మళ్లీ చర్చకు వచ్చాయి. పైగా అంతరించే ప్రమాదంలో ఉన్న స్టీల్‌హెడ్ చేపలు ఈ వాగులోకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి కోసం వాగు లోపలి పనులు ఎండాకాలంలోనే చేయాలి. పనుల డిజైను ఆ కాలానికి సిద్ధం కాకపోతే పని మరో ఏడాదికి వాయిదా పడుతుంది.