తాగే వయసు 21: లెక్కలోకి రాని పిల్లలు

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. అమెరికాలోనూ అదే వయసు. అక్కడ ఈ అంకె మీద ఏళ్ల తరబడి గొడవ నడిచింది. అదంతా రోడ్డు ప్రమాదాల గురించే. గది తలుపు వేసుకుని కుంగిపోతున్న పిల్లల ఊసు చాలా ఆలస్యంగా వచ్చింది.

1971లో అక్కడ ఓటు వయసు 18కి దిగింది. ఓటుకు పనికొచ్చినవాడు బీరుకు పనికిరాడా అంటూ చాలా రాష్ట్రాలు తాగే వయసూ తగ్గించేశాయి. తాగే వయసు తక్కువున్న పక్క రాష్ట్రానికి కారేసుకుని వెళ్లి, తాగి తిరిగొస్తూ ఎంతోమంది కుర్రాళ్లు చనిపోయారు. తాగిన డ్రైవరు వల్ల 13 ఏళ్ల కూతురిని పోగొట్టుకున్న క్యాండీ లైట్నర్ 1980లో ఉద్యమం మొదలుపెట్టారు. వయసు 21 చేయని రాష్ట్రాలకు రహదారి నిధులు కోస్తామనే చట్టం మీద 1984లో అధ్యక్షుడు రీగన్ సంతకం పెట్టారు. 1988 కల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి.

ఆత్మహత్యల లెక్క 1999లో బయటికొచ్చింది. 1970-90 మధ్య తాగే వయసు 18గా ఉన్న రాష్ట్రాల్లో, 21 ఉన్నచోటి కంటే 18-20 ఏళ్లవాళ్ల ఆత్మహత్యల రేటు 8 శాతం ఎక్కువని తేలింది. ఆత్మహత్యకు ఒక్కటే కారణం ఎప్పుడూ ఉండదు, నిజమే. కానీ 13 ఏళ్లలోపే తాగుడు మొదలుపెట్టిన పిల్లల్లో చనిపోవాలనే ఆలోచనలు, ప్రయత్నాలు ఎక్కువని తర్వాత బడి పిల్లల సర్వేల్లోనూ కనపడింది.

సారాకీ, జబ్బుకి వేసుకునే గోలీకీ మనం వాడేది 'మందు' అనే ఒక్క మాటే. డిప్రెషన్‌లో ఉన్న పిల్లాడికి మొదటి గ్లాసు అచ్చం గోలీలాగే పనిచేస్తుంది. గుండెల మీద బరువు దిగినట్టుంటుంది, నిద్ర పడుతుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. అప్పటికి దిగులు రెట్టింపై ఉంటుంది. మర్నాడు ఇంకాస్త ఎక్కువ తాగితేగానీ నిద్ర రాదు. చెడ్డ ఆలోచన వచ్చినప్పుడు అమ్మ గుర్తొచ్చి ఆగిపోయే ఆ రెండు నిమిషాలు ఉంటాయే, మత్తు వాటినే మింగేస్తుంది.

మన ఇళ్లలో నోటి దగ్గర వాసన రాగానే పడేది దెబ్బ. 'సావాసాలు చెడ్డవి' అని తేల్చేస్తాం. 'ఏమైందిరా, నిద్ర పడుతోందా?' అని అడిగేవాళ్లు తక్కువ. చట్టం మాత్రం కొంత మారింది. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలని, వాళ్లకు వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. 2022 అక్టోబరులో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ మొదలైంది. నంబరు 14416. ఫోను ఉచితం, అర్ధరాత్రయినా తెలుగులోనే మాట్లాడొచ్చు.