పాత జపాన్ సైకిల్లో దాగిన బ్యాటరీ

అమెరికాలో చదువుకుంటున్న ఒక పాఠకుడు ఈ ప్రశ్న పంపారు. "1980ల నాటి జపాన్ రోడ్డు సైకిల్ ఒకటి చవకగా దొరికింది. గేర్లు పడుతున్నాయి, చక్రాలు వంకర లేకుండా తిరుగుతున్నాయి, తుప్పు కూడా పెద్దగా లేదు. సీటు కొంచెం దించుదామంటే మాత్రం రాడ్డు వీసమంత కదలడం లేదు. బోల్టు పూర్తిగా తీసేసినా అంతే. లోపల ఎవరైనా అతికించేశారా?"

ఎవరూ అతికించలేదు. రాడ్డు దిగే ఫ్రేము గొట్టం లోపల ఏళ్ల తరబడి ఒక బ్యాటరీ పనిచేసింది. పాత సైకిళ్ల గురించి నాకు వచ్చే ప్రశ్నలన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే. భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ 27 మిల్లీమీటర్ల గొట్టంలో ఇంత చక్కగా కలిసే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

ముందు ఈ సైకిళ్ల గురించి రెండు మాటలు. 1970ల మొదట్లో అమెరికాలో సైకిళ్ల గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఫుజి, మియాటా, పానసోనిక్, బ్రిడ్జ్‌స్టోన్, నిషికి వంటి పేర్లతో జపాన్ సైకిళ్లు ఆ మార్కెట్లోకి పెద్ద ఎత్తున వచ్చాయి. విడిభాగాల్లో చాలావరకు ఒసాకా పక్కనున్న సకాయ్ నగరం చుట్టుపక్కల తయారైనవే. షిమానో సంస్థ 1921లో పుట్టింది అక్కడే. 1985 సెప్టెంబరులో డాలరు విలువ తగ్గించడానికి అమెరికా, జపాన్ సహా ఐదు దేశాల మధ్య ప్లాజా ఒప్పందం కుదిరాక యెన్ విలువ పెరిగిపోయింది. డాలరుకు 240 యెన్ల దాపున ఉన్న మారకం ఏడాదిలో 150-160 మధ్యకు వచ్చింది. జపాన్ సైకిల్ ఖరీదైపోయి, తయారీ తైవాన్‌కు తరలింది. అంతకుముందు అమ్ముడైన లక్షలాది మంచి ఉక్కు సైకిళ్లు మాత్రం అమెరికా ఇళ్ల గ్యారేజీల్లో మిగిలాయి. చవకగా దొరుకుతున్నవి అవే.

ఇక అసలు విషయానికి వద్దాం. ఫ్రేము ఉక్కుది, సీటు రాడ్డు అల్యూమినియంది. పైన బిగింపు దగ్గర రెండూ గట్టిగా ఒరుసుకుని ఉంటాయి. ఆ బిగింపు కోసం గొట్టం పైభాగాన నిలువుగా ఒక చీలిక కోస్తారు. చాలా ఫ్రేముల్లో ఆ చీలిక వెనక వైపుకు, అంటే సరిగ్గా వెనక చక్రానికి ఎదురుగా ఉంటుంది. మడ్‌గార్డు లేని రోడ్డు సైకిల్ తడి రోడ్డు మీద పోతుంటే చక్రం చిమ్మే నీరంతా ఆ చీలికకే తగులుతుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో అది ఉప్పునీరు. రాడ్డుకూ గొట్టానికీ మధ్య వెంట్రుక పట్టేంత సందు చాలు, నీరు పైనుంచి కిందికి పాకిపోతుంది.

రెండు వేర్వేరు లోహాలు, వాటి మధ్య నేరుగా స్పర్శ, రెండింటినీ తడిపే ఉప్పునీరు. బ్యాటరీకి కావలసినవన్నీ సమకూరాయి. 1800లో వోల్టా పేర్చిన స్తంభంలోనూ ఉన్నది వేర్వేరు లోహాలు, ఉప్పునీటిలో నానిన అట్టముక్కలే.

ఇంటర్మీడియట్‌లో విద్యుత్ రసాయన శ్రేణిని మనచేత బట్టీ పట్టించారు. అల్యూమినియం మైనస్ 1.66 వోల్టులు, ఇనుము మైనస్ 0.44 వోల్టులు అని రాస్తే మార్కులు పడేవి. ఈ రెండు సంఖ్యల అర్థాన్ని పాత సైకిల్ ఒకటి తరగతిలో పెట్టి చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఎలక్ట్రాన్లను వదిలే తొందర అల్యూమినియానికి ఎక్కువ. కాబట్టి అది ఆనోడ్ అవుతుంది. దాని పరమాణువులు మూడేసి ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి జారుకుంటాయి. ఆ ఎలక్ట్రాన్లు స్పర్శ ఉన్నచోటు నుంచి ఉక్కులోకి వెళతాయి. అక్కడ నీటిలో కరిగిన ఆక్సిజన్ వాటిని అందుకుని హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారుతుంది. ఉక్కు కాథోడ్ కనుక దానికి నష్టం తక్కువ. ఒక విధంగా రాడ్డు తనను తాను అరగదీసుకుంటూ ఫ్రేమును కాపాడుతోంది.

పుస్తకంలోని సంఖ్యల ప్రకారం తేడా 1.2 వోల్టులు. వాస్తవంలో అంత ఉండదు. గాలి తగిలిన అల్యూమినియం మీద కొన్ని నానోమీటర్ల మందంతో ఆక్సైడ్ పొర వెంటనే ఏర్పడి లోహాన్ని కప్పేస్తుంది. దానివల్ల సముద్రపు నీటిలాంటి ఉప్పునీటిలో ఉక్కుతో తేడా వోల్టులో ఒకటి రెండు పదో వంతులకు పడిపోతుంది. ఆ కవచాన్ని ఛేదించేవి రెండు. ఒకటి, ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు. అవి పొరలో బలహీనమైన చోట్లు వెతికి గుంటలు పెడతాయి. రెండోది ఇంకా విచిత్రం. ఉక్కు దగ్గర పుట్టిన హైడ్రాక్సైడ్ వల్ల ఆ సన్నని సందులో క్షారత పెరుగుతుంది. పీహెచ్ దాదాపు 9 దాటితే అల్యూమినియం ఆక్సైడ్ నిలవదు. అంటే ఈ బ్యాటరీ తాను ఉత్పత్తి చేసిన పదార్థంతోనే తన ఆనోడ్ కవచాన్ని కరిగించుకుంటుంది. దారి దానికదే తెరుచుకుంటుంది.

నీటిలోకి వచ్చిన అల్యూమినియం చివరికి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే తెల్లటి పొడిగా తేరుకుంటుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఒక ఘన సెంటీమీటరు అల్యూమినియం బరువు 2.7 గ్రాములు, అంటే మోలులో పదో వంతు. దాని నుంచి 7.8 గ్రాముల హైడ్రాక్సైడ్ వస్తుంది. ఆ పొడి సాంద్రత 2.42 కాబట్టి అది ఆక్రమించే చోటు 3.2 ఘన సెంటీమీటర్లు. పోయిన లోహం స్థానంలో మూడింతలకు పైగా పదార్థం! అది ఎక్కడికి పోవాలి? బయట ఉక్కు గోడ, లోపల అల్యూమినియం గోడ. రాళ్ల క్వారీల్లో పూర్వం బండకు వరసగా రంధ్రాలు తొలిచి, ఎండిన కర్ర మేకులు దిగ్గొట్టి, నీళ్లు పోసేవారు. మేకులు ఉబ్బి బండ చీలేది. ఇక్కడ ఉక్కు గొట్టం చీలదు కాబట్టి ఆ ఒత్తిడంతా రాడ్డును బిగబట్టడానికే సరిపోతుంది.

ఈ విషయంలో చలామణి అవుతున్న నమ్మకాలు మూడు ఉన్నాయి. "ఫ్రేము క్రోమ్‌మోలీ, క్రోమియం ఉంది కనుక తుప్పు పట్టదు" అన్నది మొదటిది. ఆ ఉక్కులో క్రోమియం సుమారు 1 శాతమే. తుప్పు పట్టని ఉక్కు కావాలంటే కనీసం పదిన్నర శాతం ఉండాలి. "పాత ఉక్కు ఫ్రేము అలిసిపోయి మెత్తబడుతుంది" అన్నది రెండోది. ఉక్కు ఎంత బిరుసో చెప్పే స్థితిస్థాపక గుణకం దాదాపు 200 గిగాపాస్కల్స్. నలభై ఏళ్లు తొక్కినా అది తగ్గదు. పగుళ్లు రావచ్చు. వస్తే అతుకుల దగ్గర కంటికి కనిపిస్తాయి.

మూడోది, "అమ్మోనియా పోస్తే ఆ తెల్లపొడి కరుగుతుంది" అన్నది. ప్రయోగశాలలో లవణ విశ్లేషణ చేసినవారు ఒక్కసారి గుర్తు చేసుకోండి. అల్యూమినియం ఉన్న ద్రావణంలో అమ్మోనియం హైడ్రాక్సైడ్ వేస్తే జిగురుగా తెల్లటి అవక్షేపం దిగుతుంది, ఇంకా వేసినా కరగదు. సోడియం హైడ్రాక్సైడ్ ఎక్కువగా వేస్తేనే కరుగుతుంది. పరీక్ష కోసం చేసిన ఆ ప్రయోగమే ఇక్కడ నేరుగా జవాబు చెబుతోంది. చదువు ఇలా పనికొస్తుందని ఆనాడు ఎవరూ చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సరే, రాడ్డును తీసేదెలా? చాలామంది పైకి లాగుతారు. లెక్క వేసి చూద్దాం. 27.2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రాడ్డు 10 సెంటీమీటర్లు లోపల ఉంటే, అంటుకున్న వైశాల్యం సుమారు 85 చదరపు సెంటీమీటర్లు. పట్టు చదరపు మిల్లీమీటరుకు 1 న్యూటన్ అనుకుందాం. నేరుగా లాగి తీయాలంటే దాదాపు 8,500 న్యూటన్లు, అంటే 870 కిలోల బరువు వేలాడదీసినంత బలం కావాలి. అదే పట్టును తిప్పి విడిపించాలంటే? అరమీటరు దూరంలో 24 కిలోల బలం చాలు. రాడ్డు వ్యాసార్థం 13.6 మిల్లీమీటర్లు, చేతిలో ఉన్న మీట 500 మిల్లీమీటర్లు. లాభం 37 రెట్లు. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ సైకిల్‌ను తలకిందులు చేసి, రాడ్డు తలను బల్లకు బిగించిన వైస్‌లో పట్టించి, ఫ్రేమునే మీటగా చేసి మెల్లగా అటూ ఇటూ తిప్పుతాడు. ఒక్క ఊపులో తిప్పితే సన్నని గొట్టం మెలిపడుతుంది. ఈ ఫ్రేముల గొట్టాల గోడ మందం చాలాచోట్ల మిల్లీమీటరు కన్నా తక్కువని మరిచిపోకూడదు.

వేడి చేయమని సలహా ఇస్తారు. ఉక్కు బోల్టు, ఉక్కు నట్టు అయితే అది మంచి సలహాయే. ఇక్కడ తలకిందులవుతుంది. డిగ్రీకి ఉక్కు మీటరుకు 12 మైక్రాన్లు వ్యాకోచిస్తే అల్యూమినియం 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. రెండూ వేడెక్కితే లోపలి రాడ్డే ఎక్కువ ఉబ్బి ఇంకా బిగుస్తుంది. చల్లబరచాలి. 50 డిగ్రీలు తగ్గితే రాడ్డు వ్యాసం గొట్టం కన్నా 15 మైక్రాన్లు ఎక్కువ కుంచించుకుంటుంది. వినడానికి చిన్న సంఖ్యే కానీ, పెళుసైన పొడి పొరలో పగుళ్లు తేవడానికి, ఆ పగుళ్లలోకి నూనె ఇంకడానికి అది బాగా తోడ్పడుతుంది.

ఏదీ పనిచేయకపోతే చివరి మార్గం కాస్టిక్ సోడా. రాడ్డును పైన కోసేసి, గొట్టం అడుగు మూసి, ద్రావణం పోస్తే అది అల్యూమినియాన్ని తినేస్తుంది, ఉక్కును దాదాపు ముట్టదు. అయితే హైడ్రోజన్ వాయువు బుడగలు బుడగలుగా వస్తుంది, ద్రావణం సలసల కాగుతుంది, ఫ్రేము రంగు లేస్తుంది, చర్మం మీద పడితే పుండు పడుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. ఆరుబయట, కళ్లద్దాలు, చేతి తొడుగులతో, సోడాను నీటిలో కలపాలి తప్ప నీటిని సోడాలో పోయకూడదు. మొదటిసారి బాగుచేసేవారు ఈ పనిని తెలిసిన మెకానిక్‌కే అప్పగించాలని నా గట్టి అభిప్రాయం.

ఇదంతా తెలిస్తే కొనేటప్పుడే జాగ్రత్తపడవచ్చు. రంగు పెచ్చులూడిందని, పైపైన ఎర్రటి తుప్పు ఉందని వెనకాడకండి. జేబులో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. సీటు రాడ్డుకు అది అంటుకుంటే రాడ్డు కూడా ఉక్కుదే, ఈ బ్యాటరీ బాధ లేదు. అంటుకోకపోతే, బోల్టు వదులు చేసి రాడ్డు తిరుగుతుందో లేదో యజమాని ఎదుటే చూడండి. మెరుగైన మోడళ్లలోనే అల్యూమినియం రాడ్డు ఉంటుంది కాబట్టి, ఈ చిక్కు కూడా మంచి సైకిళ్లకే ఎక్కువ. హ్యాండిల్‌ను పట్టి ఉంచే రాడ్డుదీ ఇదే కథ. అక్కడ ఉప్పునీరు తొక్కేవాడి చెమటే. టైర్లు, కేబుళ్లు, బ్రేకు రబ్బర్లు ఎలాగూ మార్చాల్సినవే, వాటి గురించి బేరం ఆపక్కర్లేదు. చక్రం మాత్రం 27 అంగుళాలదో 700సీదో చూసుకోండి. రిమ్ముల కొలతలు 630, 622 మిల్లీమీటర్లు కాబట్టి ఒకదాని టైరు ఇంకొకదానికి పట్టదు.

రాడ్డు బయటికి వచ్చాక గొట్టం లోపల తీగ బ్రష్‌తో శుభ్రం చేసి, వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలవండి. జపాన్ ఫ్రేముల్లో 26.8, 27.0, 27.2 అన్నీ కనిపిస్తాయి, 0.2 తేడా ఉన్నా పనికిరాదు. కొత్త రాడ్డుకు గ్రీజు దట్టంగా పట్టించండి. గ్రీజు సందులో చేరితే ఉప్పునీటికి చోటుండదు, ద్రావణం లేని బ్యాటరీ పనిచేయదు. వానలో, ఉప్పు రోడ్ల మీద తొక్కేవారు ఏటా చలికాలం ముగిశాక ఒకసారి రాడ్డు తీసి, తుడిచి, మళ్లీ గ్రీజు రాసి పెట్టాలి. తీసే ముందు సీటు ఎత్తు దగ్గర చిన్న టేపు ముక్క చుట్టుకుంటే తిరిగి అదే ఎత్తుకు బిగించవచ్చు. రాడ్డు మీద ముద్రించిన కనీస లోతు గీత ఎప్పుడూ గొట్టం లోపలే ఉండాలి.