పెలికాన్ మెడ చూసి నెల చెప్పొచ్చు

కాలిఫోర్నియాలో శాన్ డియాగో పక్కన లా హోయా అనే చోట ఇసుకరాతి చరియలు నిటారుగా పసిఫిక్‌లోకి దిగుతాయి. వాటి అంచుల మీద గోధుమరంగు పెలికాన్లు ఏడాది పొడవునా కనిపిస్తాయి. కనిపిస్తాయన్న మాటేగానీ జనవరిలో కూర్చున్న గుంపు వేరు, మే నెలలో కూర్చున్న గుంపు వేరు. తేడా తెలియాలంటే ముందు మెడ చూడాలి, ఆ తర్వాత పొట్ట.

నేలపట్టులోనో ఉప్పలపాడులోనో మన పెలికాన్లయిన గూడబాతుల్ని చూసినవాళ్లకు ఈ పక్షి తీరు వింతగా ఉంటుంది. మన గూడబాతు చెరువులో ఈదుతూ ముక్కు ముంచి చేపను తోడుకుంటుంది. ఇది ఉప్పునీటి తీరాన్ని అంటిపెట్టుకుని బతుకుతుంది, గాల్లోంచి దూకి వేటాడుతుంది. ఎనిమిది పెలికాన్ జాతుల్లో ఇదే చిన్నది. అయినా రెక్కలు చాస్తే రెండు మీటర్ల పైమాటే.

డిసెంబరు నుంచి మార్చి దాకా పెద్దపక్షులు జతకట్టే రంగుల్లో ఉంటాయి. నెత్తి పసుపు, మెడ వెనక ముదురు గోధుమరంగు, గొంతు దగ్గర సంచి మిరపపండులా ఎరుపు. మిగతా కాలంలో మెడ తెల్లబడుతుంది, సంచి వెలిసిపోతుంది. ఆడకైనా మగకైనా ఇవే రంగులు. చాలామంది పొరబడేది పిల్లల దగ్గర: మొదటి ఏడాది పిల్లకూ మెడ గోధుమరంగే. అందుకే పొట్ట చూడమనేది. పొట్ట తెల్లగా ఉంటే పిల్ల, నల్లగా ఉంటే పెద్దది, మచ్చలు మచ్చలుగా ఉంటే మధ్య ఈడుది. పూర్తి రంగు రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది.

వసంతంలో తీరపు రాళ్ల మీద తెల్లపొట్టలే ఎక్కువ. పెద్దవి చాలావరకు దీవులకు వెళ్లిపోతాయి. అమెరికా పడమటి తీరంలో ఇవి పెద్ద ఎత్తున గూళ్లు కట్టేది అనకాపా, శాంటా బార్బరా దీవుల్లోనే. అంతకన్నా పెద్ద కాలనీలు మెక్సికోలో ఉన్నాయి. సాధారణంగా మూడు గుడ్లు, పొదగడానికి దాదాపు నెల. పొదిగేది పొట్టతో అనుకుంటాం గానీ, ఈ పక్షి వేళ్ల మధ్య పొర ఉన్న పాదాల్ని గుడ్ల మీద పరిచి వాటి వెచ్చదనంతో పొదుగుతుంది. డీడీటీ అనే పురుగుమందు వాడిన కాలంలో ఈ అలవాటే కొంప ముంచింది. లాస్ ఏంజెలెస్ మురుగునీటితో సముద్రంలో కలిసిన డీడీటీ చేపల ద్వారా పక్షి ఒంట్లో చేరి, గుడ్డు పెంకుకు కాల్షియం అందకుండా చేసింది. పలచబడిన పెంకులు తల్లి పాదాల కిందే చితికిపోయాయి. 1970లో అనకాపాలో 552 గూడు ప్రయత్నాలకు బతికి బట్టకట్టిన పిల్ల ఒక్కటే. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. 2009లో ఈ పక్షిని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలోంచి తీసేశారు.

వేసవి నుంచి శరదృతువు దాకా గుంపులు యాంకోవీ చేపల వెంట ఉత్తరానికి, మాంటెరీ అఖాతం దాటి కొలంబియా నది ముఖం దాకా వెళతాయి. గాల్లోంచి దూకడం చూడాలంటే ఇదే అదను. ఎత్తునుంచి, ఒక్కోసారి ఇరవై మీటర్ల పైనుంచి, చేపను గురిపెట్టి తల దించుతుంది. రెక్కలు వెనక్కి లాక్కుంటూ ఒళ్లు ఎడమకు తిప్పుతుంది, ఎందుకంటే మెడలో శ్వాసనాళం, ఆహారనాళం కుడివైపున ఉంటాయి. నీటి దెబ్బ వాటికి తగలకూడదు. చర్మం కింద ఉన్న గాలి సంచులు దెబ్బను కాచుకుంటాయి. అవే పక్షిని లోతుకు పోనివ్వవు కూడా. ఎల్ నినో ఏడాదిలో నీళ్లు వేడెక్కి చేపలు లోతుకు దిగితే పెలికాన్లు ఆకలితో గూళ్లు వదిలేసేది ఇందుకే.

నీళ్లలో సంచి విచ్చుకుని దాదాపు పది లీటర్లు పట్టేస్తుంది, అంటే పక్షి బరువుకన్నా ఎక్కువ. పైకి తేలాక ముక్కు కిందికి వంచి ఆ నీరంతా పిండాలి. ఒక్కోసారి నిమిషం దాకా పడుతుంది. ఆ సందులోనే ఎర్రముక్కు, బూడిదరంగు ఒళ్లున్న హీర్‌మన్ గల్ అనే సముద్రపక్షి వచ్చి చేప కాజేయడానికి కాచుకుంటుంది. చివర్లో ముక్కు ఆకాశం వైపు ఎత్తి మింగితే చేప దొరికినట్టు. ఎత్తకుండానే ఎగిరిపోతే గురి తప్పినట్టు. పెద్దవాటికన్నా పిల్లలు ఎక్కువగా గురి తప్పుతాయి.

చలి ముదిరేలోపు దక్షిణానికి తిరిగిరావాలి. ఉత్తరాన ఆరెగాన్ రాష్ట్రంలో ఆలస్యంగా మిగిలిపోయిన పక్షులకు ఈకలు లేని సంచి, పాదాలు గడ్డకట్టి చచ్చుబడతాయి.

చూడ్డానికి 8×42 బైనాక్యులర్ చాలు. పడమటి తీరం గనక ఉదయం వెళితే ఎండ వెనకనుంచి పడుతుంది. పోటు సమయంలో కింది రాళ్లు మునిగి, పక్షులన్నీ పై అంచులకు చేరతాయి. వాటికి పొడి రాయి అవసరం, ఈకలు తడిసిపోతాయి కాబట్టి ఆరబెట్టుకోవాలి. తలలన్నీ ఒక్కసారి లేచి మీ వైపు తిరిగితే మరీ దగ్గరికి వెళ్లారన్నమాట, వెనక్కి జరగండి.

మనిషి దగ్గరికొచ్చినా కదలనిదీ, తల అటూ ఇటూ ఊపేదీ జబ్బుపక్షే. సముద్రపు నాచు నుంచి చేపల్లోకి చేరే డొమోయిక్ ఆమ్లం 1991లో మాంటెరీ అఖాతంలో ఇలాగే పెలికాన్లను చంపింది. అలాంటివి కనిపిస్తే ముట్టుకోకుండా స్థానిక వన్యప్రాణి రక్షణ కేంద్రానికి ఫోన్ చేయాలి. చేప కోసి మిగిలిన ముళ్ల గూడు వాటికి విసరకండి, సంచి చీలుతుంది. గాలానికి పక్షి చిక్కితే దారం తెంపి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డపని. వేలాడే దారం గూటి దగ్గరో కొమ్మకో చుట్టుకుంటే అక్కడే చస్తుంది. మెల్లగా దగ్గరికి లాగి, సాయం వచ్చేదాకా పట్టి ఉంచాలి.