1997లోనే వద్దన్న కుక్కీ

వెబ్‌కు స్వతహాగా జ్ఞాపకం లేదు. బ్రౌజర్ పేజీ అడుగుతుంది, సర్వరు పంపుతుంది, అంతటితో ఇద్దరికీ రుణం తీరిపోతుంది. మరుక్షణం అదే మనిషి తిరిగొచ్చినా సర్వరుకు కొత్త మొహమే. 1994లో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లీ దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఆన్‌లైన్ దుకాణం పెట్టాలనుకున్న ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీకి, ఎవరి బుట్టలో ఏముందో తన సర్వర్లలో దాచడం ఇష్టం లేదు. అందుకని సర్వరు ఓ చీటీ రాసిస్తుంది, బ్రౌజర్ దాన్ని భద్రపరిచి వచ్చినప్పుడల్లా చూపిస్తుంది. గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది. అదే కుక్కీ.

చీటీని ఇచ్చినవాడికే చూపాలన్నది నియమం. లొసుగు వేరే చోట ఉంది. వార్తల పేజీ మూలన కనిపించే ప్రకటన బొమ్మ ప్రకటనల కంపెనీ సర్వరు నుంచి వస్తుంది, వస్తూ తన చీటీ కూడా అంటిస్తుంది. వంటల పేజీలోనూ, ప్రయాణాల పేజీలోనూ ఆ కంపెనీ బొమ్మే ఉంటే మూడుచోట్లా అదే చీటీ బయటికొస్తుంది. మధ్యాహ్నం ఒక దుకాణంలో చూసిన ప్రెషర్ కుక్కర్ సాయంత్రం క్రికెట్ స్కోరు పక్కన ఈల వేసేది ఇలాగే.

ఈ ప్రమాదాన్ని ఎవరూ పసిగట్టలేదనుకుంటే పొరపాటు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 1997 ఫిబ్రవరిలోనే ఆర్‌ఎఫ్‌సీ 2109 అనే ప్రమాణ పత్రం వెలువరించింది. దాన్ని రాసినవారిలో మాంటుల్లీ కూడా ఉన్నాడు. ఇలా చూస్తున్న సైటు కాక బయటివాళ్లు అంటించే చీటీలను, అంటే థర్డ్ పార్టీ కుక్కీలను, బ్రౌజర్ తనంతట తాను అనుమతించకూడదని అందులో ఉంది. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ రెండూ దాన్ని పక్కన పెట్టాయి. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6265 బ్రౌజర్లు నిజంగా ఏం చేస్తున్నాయో చాలావరకు అదే రాసుకుంది. శాసనం చేయబోయినవాడు కరణమై లెక్క రాసుకున్నట్టయింది.

ఇక తేల్చింది బ్రౌజర్లే. యాపిల్ బ్రౌజర్ సఫారీ మొదటినుంచీ కొంత కట్టడి పెట్టింది. ఆ కట్టడిని దొడ్డిదారిన దాటిందన్న ఆరోపణపై 2012లో గూగుల్ అమెరికా ప్రభుత్వానికి 2.25 కోట్ల డాలర్లు కట్టింది. 2019 సెప్టెంబరులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెలిసిన ట్రాకర్ల (సైటు నుంచి సైటుకు మనల్ని వెంబడించేవాళ్ల) కుక్కీలను, 2020 మార్చిలో సఫారీ థర్డ్ పార్టీ కుక్కీలన్నింటినీ ఆపేశాయి.

గూగుల్ బ్రౌజర్ క్రోమ్ తలచుకుంటే ఏమవుతుందో అదే ఏడాది కనిపించింది. దొంగ సైటు మీ బ్రౌజర్ చేత బ్యాంకుకు అభ్యర్థన పంపిస్తే, బ్యాంకు చీటీ కూడా దానితో వెళ్లిపోయేది. దానికి విరుగుడు సేమ్‌సైట్ గుర్తు: వేరే సైటు నుంచి వెళ్లే అభ్యర్థనతో ఈ చీటీ పంపాలో వద్దో అది బ్రౌజర్‌కు చెబుతుంది. ఆ గుర్తు లేని చీటీలపైనా కట్టడి ఉంటుందని 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 అమలు మొదలుపెట్టింది. ప్రమాణం అప్పటికింకా ముసాయిదాయే! కోవిడ్ వేళ అత్యవసర సైట్లు చెడకూడదని ఏప్రిల్‌లో ఆపి, జూలైలో మళ్లీ అందుకుంది. సైట్లు నడిపేవాళ్లు కోడు సవరించుకున్నారు.

థర్డ్ పార్టీ కుక్కీల దగ్గర మాత్రం ఆ చురుకు లేదు. రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో గూగుల్ చెప్పింది. గడువు 2023కు, 2024కు, 2025కు జరిగింది. గూగుల్ ఆదాయంలో పెద్ద భాగం ప్రకటనలదే. అయితే కుక్కీలు పోతే పోటీ కంపెనీలు నష్టపోయి గూగులే మరింత బలపడుతుందేమోనని బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థకూ అనుమానం. 2024 జనవరిలో 1 శాతం మందికి ఆపి చూసిన గూగుల్, జూలైలో వాటిని తీసేసే ఆలోచన మానుకుంది. ఈ విషయమై వినియోగదారుణ్ని విడిగా అడిగే పెట్టె కూడా పెట్టబోమని 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. వద్దనుకునేవారు సెట్టింగుల్లోకి వెళ్లి స్వయంగా ఆపుకోవాలి.