లిక్విడేటర్ లెక్కలు ఎవరు చూడాలి?

జూట్ మిల్లులు ఎందుకు మూతపడ్డాయో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పటి వాదన మూతపడిన తర్వాతి సంగతి గురించి. కంపెనీ ఆస్తులు అమ్మే లిక్విడేటర్‌కు ఫీజు ఎంత? ఆయన పని మీద అజమాయిషీ ఎవరిది? కంపెనీల దివాలా చట్టమైన దివాలా కోడ్‌కు సవరణ బిల్లు 2025 ఆగస్టులో లోక్‌సభ ముందుకు రావడంతో ఈ ప్రశ్న మళ్లీ రేగింది.

అసలు మలుపు 2016లో ఉంది. అంతకుముందు ఈ పని హైకోర్టుకు అనుబంధంగా ఉండే అధికారిక లిక్విడేటర్‌ది. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. భూమి అమ్మాలంటే కోర్టు అనుమతి ఉండాలి, అమ్మిన సొమ్ములో ఆయనకు సొంత వాటా లేదు. ఏళ్ల తరబడి సాగదీయడం మాత్రం పెద్ద లోపం, దాన్ని ఎవరూ సమర్థించలేరు. ఆ ఏడాది వచ్చిన దివాలా కోడ్ ఆ చోట ప్రైవేటు నిపుణుణ్ణి కూర్చోబెట్టింది. వేలానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, మూడు నెలలకోసారి కంపెనీ కేసులు చూసే ట్రిబ్యునల్‌కు నివేదిక ఇవ్వాలి. రుణదాతల కమిటీ ఫీజు ఖరారు చేయకపోతే నిబంధనల్లోని పట్టిక ప్రకారం వెళ్లాలి. తొలి ఆరు నెలల్లో వసూలైన మొదటి కోటి మీద 5 శాతం, తర్వాతి ఆరు నెలల్లో అయితే 3.75, ఆ తర్వాత 1.88. ఆ సొమ్ము పంచినందుకు ఇంకో రేటు. వాచ్‌మెన్ జీతాలు, కరెంటు బిల్లులు ఆపలేమని, కొనేవాళ్లు దొరకడమే కష్టమని లిక్విడేటర్లు అంటారు. నిజమే. కానీ కొందరు ఫీజు లెక్క తప్పుగా కడుతున్నారని 2023 సెప్టెంబరులో వాళ్లను నియంత్రించే దివాలా బోర్డే సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చింది.

ఈ ఫీజు, ఖర్చులన్నీ కోడ్ 53వ సెక్షన్ ప్రకారం అందరికంటే ముందు తీసేస్తారు. మిగిలిన దాంట్లోనే బ్యాంకులూ కార్మికులూ. పాత కంపెనీల చట్టంలో 1985లో వచ్చిన 529ఎ సెక్షన్ కార్మికుల బకాయిలను, ఎన్నేళ్లవైనా సరే, తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల బాకీతో సమానంగా నిలబెట్టింది. కొత్త కోడ్ ఆ సమాన హోదాను చివరి 24 నెలల బకాయిలకే కుదించింది. లిక్విడేషన్‌లోకి వెళ్లిన మోసర్ బేయర్ కంపెనీ కార్మికులు దీన్ని సవాలు చేస్తే 2023 మే 2న సుప్రీంకోర్టు కొట్టేసింది. పదేళ్ల జీతం రావాల్సిన మనిషికి రెండేళ్లదే ఆ సమాన హోదాలోకి వస్తున్నప్పుడు, ముందుగా తీసే ప్రతి రూపాయీ ఆయనకు బరువే. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు మాత్రం లిక్విడేషన్ ఆస్తిలో కలపకూడదు.

లిక్విడేటర్‌కు సలహా ఇచ్చేందుకు 2019లో వచ్చిన సంప్రదింపుల సంఘంలో కార్మికుల ప్రతినిధికి చోటుంది. దాని సలహా కాదంటే లిక్విడేటర్ కారణం రాసిపెట్టాలి. 2025 బిల్లు లిక్విడేటర్ మీద పర్యవేక్షణను రుణదాతల కమిటీకి ఇవ్వమంది. అందులో ఓటు ప్రధానంగా బ్యాంకులది, జీతం బకాయి ఉన్న కార్మికుడికి లేదు. కార్మికుడి బకాయి క్లెయిమ్‌ను లిక్విడేటర్ తిరస్కరిస్తే 2016 కోడ్ ప్రకారం 14 రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. రాజాం నుంచో నెల్లిమర్ల నుంచో వెళ్లే కార్మికుడికి ఆ ట్రిబ్యునల్ అమరావతి బెంచ్. లాయరు ఫీజు ఆయనే పెట్టుకోవాలి.